మేస్త్రి భోజనానికొచ్చిన రెండు రోజులు

సరిగ్గా పదీ ముప్ఫై అయిదుకి, లాబ్‌లో బలం పరీక్షించే మిషన్ కింద ఉన్న కాంక్రీటు దిమ్మ ఫట్‌మని పగిలింది. డిటెక్టివ్ ఉలిక్కిపడింది. ఉలిక్కిపడినందుకు తన మీద తనే విసుక్కుంది. పాతికేళ్ళుగా అబద్ధాలు వినీ వినీ రాటుదేలిన మనిషి, జానెడు కూడా లేని దిమ్మకి బెదిరిపోవడమేమిటి?

"లోపల చూడక్కా," అంది కెమిస్ట్, పగిలిన ముక్కని రెండు చేతులతో అందిస్తూ.

పైకి మామూలు బూడిద రంగే. విరిగిన చోట మాత్రం లేత నెమలికంఠం రంగు. ఎవరో నీలిమందు కలిపి పోసినట్టుంది.

"రంగు కలిపారా?"

"లేదక్కా. ఇందులో ఉండాల్సిన సిమెంటులో సగం లేదు. దాని బదులు ఇనుము కరిగించే కొలిమిలో మిగిలే చిట్టెం పొడి ఉంది. చిట్టెం కలిస్తే లోపల ఈ రంగొస్తుంది. గాలి తగిలాక నాలుగైదు రోజుల్లో పోతుంది. మళ్ళీ మామూలు బూడిద రంగే."

"ఎంతకి పగిలింది?"

"పాస్ మార్కు ముప్ఫై. దీనికి నలభై ఒకటి."

"పడిపోయిన స్లాబు ముక్కలకి?"

కెమిస్ట్ గొంతు తగ్గింది. "పదకొండు."

"రెండూ ఒకే రోజు పోసినవేగా? ఒకే తల్లి పిల్లలు ఇంత తేడాగా ఉంటారా?"

"మనుషుల్లో ఉంటారేమో. కాంక్రీటులో ఉండరు."

డిటెక్టివ్‌కి ఈ జవాబు నచ్చింది. మంగళవారం పొద్దున్నే తలుపు తట్టి కేసు అప్పగించినప్పుడు కూడా ఈ అమ్మాయి ఏడవలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ మాట తొణకలేదు. సోమవారం పదీ నలభైకి, కొత్తగా కడుతున్న ఆసుపత్రిలో సపోర్టులు తీస్తుండగా స్లాబు సగం కూలింది. కింద ఉన్న సెంట్రింగ్ మేస్త్రి అప్పట్నుంచి స్పృహలో లేడు. సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట: సిమెంటు తగ్గించి కట్టారు, కూలక ఏమవుతుంది? కాంక్రీటు పంపిన ప్లాంటుకి సీలు పడింది. ఇవాళ, గురువారం, మూడున్నరకి విచారణ కమిటీ కూర్చుంటుంది. ఈ కాంక్రీటుతోనే కట్టాల్సిన నలభై బడుల సంగతి తేలుస్తుంది. ఆ పైన కెమిస్ట్‌ని అరెస్టు చేయాలా వద్దా అన్నది కూడా.

"ఈ దిమ్మలకి కాంక్రీటు ఏ బండిలోంచి తీశారు?"

"మొదటి బండి, మూడో బండి."

"ఆ రోజు మొత్తం ఎన్ని బండ్లొచ్చాయి?"

"ఆరు."

డిటెక్టివ్ చిన్న పుస్తకంలో ఆరు గీతలు గీసి, చివరి మూడింటి చుట్టూ సున్నా చుట్టింది. "ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. ఉన్న సిమెంటుతో అందరూ కట్టుకుంటున్నారుగా. నీకెందుకింత పట్టుదల?"

"సిమెంటంటే సున్నపురాయిని బట్టీలో కాల్చడమే కదక్కా. బట్టీ పొగ ఒక్కటే కాదు, రాయి లోపల దాక్కున్న కార్బన్ కూడా బయటపడి గాల్లో కలుస్తుంది. మనం కట్టే ప్రతి గోడకీ అంత వేడి ఎక్కడో పేరుకుంటోంది. కట్టడం మానేయమంటామా? పిల్లలకి బడి వద్దంటామా? అందుకే కాల్చే రాయి తగ్గించాలనుకున్నాను. ఏడేళ్ళు పట్టింది. దీనికున్నది ఒక్కటే లోపం, నిదానంగా గట్టిపడుతుంది. మనవాళ్ళు దాని పేరే 'నిదానం' అని పెట్టేశారు."

ఆమె మొహంలో మొదటిసారి నవ్వు లాంటిది మెరిసి మాయమైంది.

"ఇవాళ అదే ఆసుపత్రిలో పిల్లల వార్డు స్లాబుకి ఇరవై ఎనిమిది రోజులు నిండాయి. కమిటీ కళ్ళెదురుగానే ముప్ఫై ఆరు సపోర్టులూ తీస్తారు. తీసేటప్పుడు నేను కింద నిలబడతానని రాసిచ్చాను."

"పడితే?"

"పడదక్కా. పడితే నా మీదే పడాలి. ఇంకెవరి మీదా పడకూడదు."

డిటెక్టివ్ కాదనలేదు. తను కూడా ఆ వయసులో ఇలాగే ఉండేది. అమ్మాయి మీద ముచ్చటేసింది, కొంచెం భయం కూడా వేసింది. బయల్దేరుతుంటే కెమిస్ట్ తన ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టింది. "పరీక్షల ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయి. నీ దగ్గరే ఉంచు. పొద్దున్నుంచీ పత్రికలవాళ్ళు నన్ను పీక్కుతింటున్నారు." డిటెక్టివ్ దాన్ని సంచిలో పడేసుకుని, బల్ల మీదున్న సుత్తిని కూడా అడిగి తీసుకుంది.

*

పదకొండూ యాభైకి ఆమె కూలిన స్లాబు దగ్గరుంది. ఇన్సూరెన్స్ కంపెనీ పరిశోధకుడు అప్పటికే వచ్చి ఉన్నాడు. శిథిలాల మధ్య నిలబడ్డా అతని చొక్కా మీద ఒక్క మడత కనిపించదు. అందుకే డిటెక్టివ్ మనసులో అతనికి ఇస్త్రీ బాబు అని పేరు పెట్టుకుంది. మూడేళ్ళ కిందట అతను ప్రమాదమని రాసిన ఒక గోడౌను మంటని ఆమె దొంగపనిగా తేల్చింది. అప్పట్నుంచి ఆమెని చూస్తే చాలు, మొహం మాడ్చుకుంటాడు.

"రండి మేడమ్. రిపోర్టు రాసేశాను. మీరు చదువుకోవచ్చు."

"చదవడానికి కళ్ళజోడు తేలేదు బాబూ, చెప్పేయ్."

"సిమెంటు సగానికి తగ్గించారు, బలం మూడో వంతుకి పడిపోయింది. ఇందులో డిటెక్టివ్‌లకి పనేముంది?"

"సగం స్లాబే ఎందుకు పడింది?"

"అదృష్టం."

"నీ రిపోర్టులో ఆ మాట రాశావా?"

డిటెక్టివ్ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, శిథిలాల్లో అన్నిటికంటే పెద్ద బండని ఎంచుకుంది. సుత్తితో ఎనిమిది దెబ్బలు వేసింది. తొమ్మిదో దెబ్బకి బండ రెండుగా విడిపోయింది. లోపలంతా బూడిద రంగే. తర్వాత మెట్లెక్కి, కూలకుండా నిలిచిన సగం అంచున కొట్టింది. అక్కడ అరచేతిలో పట్టేంత పెచ్చు ఊడటానికి చెయ్యి పడిపోయినంత పనయింది. దాని లోపల నెమలికంఠం రంగు.

రెండు ముక్కలూ తెచ్చి అతని ఫైలు మీద పెట్టింది.

"ఇది నిలబడింది, ఇది పడింది. రెండింటికీ ఒకటే పేరు రాశావు."

"గాలి తగిలితే ఆ రంగు పోతుంది. నాకూ తెలుసు మేడమ్. పడి మూడు రోజులైంది."

"పైన పోతుంది. బండ గుండెల్లోకి గాలెలా పోయింది? ఇప్పుడే నీ ఎదురుగా పగలగొట్టానుగా."

ఇస్త్రీ బాబు ముక్కలని అటూ ఇటూ తిప్పి చూశాడు. బూడిద ముక్కని గోటితో గీకితే పొడి రాలింది. ఒక్క క్షణం అతని కళ్ళల్లో అనుమానం కదిలింది. వెంటనే దాన్ని దులిపేసుకున్నాడు. "రంగు చూసి రిపోర్టు మార్చమంటారా? లాబ్‌కి పంపిస్తాను. మూడు రోజులు పడుతుంది."

"మూడున్నరకే కమిటీ."

"అది నా తప్పు కాదు."

పక్కన సైట్ మేనేజర్ జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఎండ కూడా అంత లేదు. డిటెక్టివ్ అతని వైపు తిరిగి, ఆ రోజు బండ్ల స్లిప్పులు అడిగింది. మొదటి మూడూ ప్లాంటు కంప్యూటర్ అచ్చేసినవి. తర్వాతి మూడూ చేత్తో రాసినవి.

"కంప్యూటర్ పనిచేయలేదండీ ఆ పూట," అన్నాడు మేనేజర్ అడగకుండానే.

"ప్లాంటు నుంచి ఇక్కడికి ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

ఆమె గేటు దగ్గరికెళ్ళి వాచ్‌మన్ పుస్తకం తెచ్చింది. స్లాబు పోసిన మంగళవారం పేజీ తెరిచి, స్లిప్పుల పక్కన పెట్టి చదివింది. "నాలుగో బండి ప్లాంటులో బయల్దేరింది పదీ అయిదుకి. గేటు దాటింది పదీ పదిహేనుకి. అయిదోది పదీ ముప్ఫైకి బయల్దేరి, పదీ నలభైకి వచ్చింది. ఆరోదానికీ పది నిమిషాలే. ఈ బండ్లకి రెక్కలున్నాయా?"

మేనేజర్ నీళ్ళు నమిలాడు. "వాచ్‌మన్ గడియారం..."

"మొదటి మూడు బండ్లకీ అదే గడియారం నలభై నిమిషాలు చూపించింది. ఈ స్లిప్పులు ప్లాంటు మనిషి రాయలేదు. వాడు రాస్తే దారి ఎంతో వాడికి తెలుసు. సైటు మనిషికి బండి గేటు దగ్గరికొచ్చాకే కళ్ళబడుతుంది. అందుకే, రావడానికి కాస్త ముందు టైము వేసేశాడు. ఎవరబ్బా ఆ సైటు మనిషి?"

"నాకు ఒంట్లో బాలేదండీ. పొద్దున్నుంచీ జ్వరం. ఇంటికెళ్ళిపోతున్నాను." అతను నిజంగానే పన్నెండూ ఇరవైకి మోటార్ సైకిలెక్కి వెళ్ళిపోయాడు. కమిటీ వచ్చే రోజున సైటు వదిలి వెళ్ళే మేనేజర్‌ని డిటెక్టివ్ ఎప్పుడూ చూడలేదు.

"చేత్తో రాసినవి నాకూ నచ్చలేదు," అన్నాడు ఇస్త్రీ బాబు ఇష్టం లేకుండానే. "కానీ ప్లాంటు కంప్యూటర్ సీలులో ఉంది. రేపటిదాకా తెరవరు. ఇవాళ నా దగ్గరున్నది పదకొండు అనే అంకె. అంతే." విజిటింగ్ కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "రుజువేదైనా దొరికితే ఫోన్ చేయండి. మూడున్నరకి పిల్లల వార్డులోనే ఉంటాను, గుమ్మం బయట. ఆ కాంక్రీటు కింద మాత్రం జీతం రెట్టింపు చేసినా నిలబడను."

డిటెక్టివ్ వాచ్‌మన్ పుస్తకం మూసి ఇచ్చేసింది. ఇంకో రెండు పేజీలు తిప్పి ఉంటే బాగుండేదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

*

మేస్త్రికి స్పృహ వచ్చిందని మూడింటికి ఊళ్ళో పాత ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. డాక్టర్ పది నిమిషాలే అన్నాడు, అది కూడా మూడూ ఇరవై అయిదుకి లోపలికి పంపాడు. కాలు కట్టులో, తల కట్టులో, మేస్త్రి పైకప్పుకేసి చూస్తూ పడుకుని ఉన్నాడు. మంచం పక్కన భార్య తడిగుడ్డతో అతని వేళ్ళ సందుల్లో పట్టిన సిమెంటు తుడుస్తోంది.

"నేనే తొందరపడ్డానామ్మా?" అన్నాడు డిటెక్టివ్ నోరు తెరవకముందే. "ఇరవై ఏడు రోజులు లెక్కపెట్టుకునే తీశాను. అయినా నేనే తొందరపడ్డానా?"

అతని కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. "లేదు మేస్త్రీ. నీ తప్పు కాదు. అది రుజువు చేద్దామనే వచ్చాను. స్లాబు పోసిన రోజు గుర్తుందా?"

"గుర్తుంది. పదింబావు దాటాక వచ్చిన మాలు చేతికి వెచ్చగా తగిలింది. మన నిదానం ఎప్పుడూ చల్లగా ఉంటుంది. బండి దగ్గరికెళ్ళి చూద్దును కదా, మేనేజర్ పైపు పెట్టి డ్రమ్ములో నీళ్ళు పోయిస్తున్నాడు. అదేంటి సార్ అంటే, నీ పని నువ్వు చూసుకో అన్నాడు. వేరే పనిలో మిగిలిపోయి, పొద్దున్నుంచీ తిరుగుతున్న మాలు అనుకుంటా. గట్టిపడిపోతుంటే నీళ్ళు కొట్టి జారుగా చేశారు."

"ఎందుకలా?"

"ఆయనకి నిదానమంటే కిట్టదమ్మా. పోశాక తాపీతో నున్నగా రుద్దాలంటే సాయంత్రం దాకా కాచుకుని కూర్చోవాలి. పై అంతస్తు పని ఆగిపోతుంది. ఆ రోజు మాత్రం నా వంతు, ఆఖర్న పోసిన సగం, పన్నెండింటికే గట్టిపడింది, నున్నగా చేసేసి ఇంటికెళ్ళిపోయాను. నిదానం మొదలయ్యాక మధ్యాహ్నం ఇంట్లో భోంచేసింది ఆ ఒక్క రోజే."

"ఒక్క రోజేంటి?" భార్య తలెత్తింది. "రెండ్రోజులొచ్చావు. మంగళవారం ఒకసారి, గురువారం ఒకసారి."

"గురువారమా?"

"మా చెల్లెలు వచ్చింది కాదూ. బావగారు పగలు కూడా కనిపిస్తారా అని అది నిన్ను ఏడిపించలేదూ? ఒక్క మాట ముందు చెప్పవు, మళ్ళీ పొయ్యి వెలిగించాల్సొచ్చిందని నేను తిట్టలేదూ?" ఆమె వేళ్ళు మడిచి లెక్కేసింది. "ఆ మర్నాడే ఊరెళ్ళింది, అది వెళ్ళి రేపటికి నాలుగు వారాలు. అంటే నువ్వు రెండోసారి భోజనానికొచ్చి ఇవాళ్టికి సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులు."

మేస్త్రి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గురువారం ఏ స్లాబు పోశావు మేస్త్రీ?" అడిగింది డిటెక్టివ్. ఆ జవాబు తనకి తెలుసునని ఆమెకి అప్పటికే అర్థమైపోయింది.

"పిల్లల వార్డు. బండి దగ్గరికి నేను వెళ్ళలేదమ్మా. పైనే ఉన్నాను. తొందరగా ఆరిందని సంబరపడ్డాను కూడా."

"చివరి బండ్లు ఎటు పోశారు?"

"మెట్ల వైపు నుంచి మొదలెట్టాం. కిటికీల వైపు ఆఖరు."

గోడ గడియారం మూడూ నలభై ఒకటి చూపిస్తోంది. సపోర్టులు తీయడం మొదలై పదకొండు నిమిషాలైంది. మేనేజర్‌కి జ్వరం ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఆ స్లాబులో ఏముందో ఆ ఊళ్ళో వాడొక్కడికే తెలుసు. తెలిసీ వాడు ఒక్క ముక్క చెప్పకుండా ఇంటికెళ్ళి పడుకున్నాడు. కూలితే నేరమంతా కెమిస్ట్ మీదకే పోతుంది. అప్పటికి ఆమె బతికుండదు కూడా. డిటెక్టివ్‌కి ఒళ్ళు మండిపోయింది.

కెమిస్ట్ నంబర్ నొక్కుతూ ఆమె వరండాలోకి పరిగెత్తింది. ఒక రింగ్ వినిపించింది. వినిపించింది తన సంచిలోంచే.

"గోడ వారగా రమ్మనండమ్మా!" లోపల్నుంచి మేస్త్రి అరుస్తున్నాడు. "మధ్యలోంచి పరిగెత్తొద్దనండి! గోడ వారగా!"

కార్డు దొరకడానికి సంచి అంతా నేల మీద గుమ్మరించాల్సొచ్చింది. మూడో రింగుకి ఇస్త్రీ బాబు ఎత్తాడు.

"ఏంటి మేడమ్, దొరికిందా?"

"ఎన్ని తీశారు?"

"ఇరవై రెండు. ఇరవై మూడోది తీస్తున్నారు. మీ అమ్మాయి కిటికీల దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ధైర్యానికి మాత్రం..."

"ఆపించు! కిటికీల వైపు సగం కూడా పాచి మాలే. మేస్త్రి చెప్పాడు."

"రుజువు?"

"ఆ రోజు మధ్యాహ్నం అతను ఇంటికెళ్ళి భోంచేశాడు."

"మేడమ్, కమిటీ ముందు నన్ను ఈ మాట చెప్పమంటారా?"

డిటెక్టివ్ కళ్ళు మూసుకుంది. ఇతనితో పోట్లాడటానికి ఇప్పుడు వ్యవధి లేదు. గెలవాలన్న కోరిక కూడా లేదు. "చెప్పొద్దు బాబూ. నా మాట నమ్మొద్దు. నీ కళ్ళని నమ్ము. అక్కడ సుత్తి ఉంటుంది. కిటికీల వైపు బయట అంచు మీద ఒక్క పెచ్చు ఊడగొట్టు. నీలంగా ఉంటే నన్ను తిట్టుకుని ఫోన్ పెట్టేయ్. నిన్ను బతిమాలుకుంటున్నాను."

ఇంతవరకూ ఆమె అతన్ని ఎన్నడూ బతిమాలలేదు. అతనికి కూడా ఆ సంగతి తెలిసినట్టుంది. అడుగుల చప్పుడు. ఎవరినో "అది ఇలా ఇవ్వు" అనడం. ఒక దెబ్బ. దూరంగా ఎవరో "ఇరవై అయిదు" అని లెక్కపెట్టారు. ఇంకో దెబ్బ. మూడోది పడిందో లేదో, ఏదో పొలపొలా రాలిన చప్పుడైంది. నిలబడిన సగం మీద పెచ్చు ఊడగొట్టడానికి పొద్దున తన భుజం ఎంత నొప్పెట్టిందో డిటెక్టివ్‌కి గుర్తొచ్చింది.

"బూడిద," అన్నాడు అతను. గొంతు మారిపోయింది. "మేడమ్, లోపలంతా బూడిద రంగే."

"గోడ వారగా తీసుకురా. మధ్యలోంచి వద్దు."

అతను విన్నాడో లేదో తెలియదు. ఫోన్ చేతిలోనే ఉన్నట్టుంది, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. "ఆపండి! తీసినవి మళ్ళీ పెట్టండి! అందరూ బయటికి!" కుర్చీలు పడ్డాయి. జనం గోల దూరమైంది. అతని గొంతు మాత్రం దూరం కాలేదు. ఖాళీ గదిలోంచి వచ్చినట్టు మారుమోగసాగింది. అంటే అతను బయటికి పోవడం లేదు. జీతం రెట్టింపు చేసినా నిలబడనన్న చోటికే పోతున్నాడు.

"రండి, రండమ్మా, ఇటు గోడ వైపు!"

"నేను రాను." అది కెమిస్ట్ గొంతు, పొద్దుటి కంటే గట్టిగా. "మిగతావి కూడా తీయమనండి. ఏడేళ్ళండీ! నా కాంక్రీటు మీద నాకు నమ్మకముంది."

వాళ్ళ పైన స్లాబులో ఎక్కడో టక్‌మని ఒక చిన్న చప్పుడయింది. తర్వాత ఇంకోటి. ఈ నాలుగు రోజులూ పేపర్లకీ కమిటీకీ ఊరందరికీ ఆ కాంక్రీటు ఆమెదేనని చాటి చెప్పిన మనిషి, ఇప్పుడు గొంతు చించుకుని అరిచాడు.

"ఇది నీ కాంక్రీటు కాదమ్మా! నీది కాదు, దా!"